ఊరు వదిలాక ఊరికి ఏం బాకీ?

2024 మే 13. పొద్దున్న ఆరు కాకముందే అన్నయ్య ఫోన్. అన్నయ్యంటే మా పెదనాన్న కొడుకు. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో మా ఊళ్ళోనే ఉంటాడు. నేను ఒడిశాలో బరంపురంలో స్థిరపడ్డాను. "ఒరే, బరంపురం నుంచి మనోళ్ళు నలుగురు బండి కట్టుకొని వస్తన్నారు. నువ్వూ ఎక్కీ. ఓటేసి, భోజనం చేసి ఎల్లిపోదువు గాని" అన్నాడు.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ పోలింగ్. అదే రోజు ఒడిశాలో బరంపురం, కోరాపుట్, నబరంగ్‌పూర్, కలహండి లోక్‌సభ స్థానాల్లో, వాటి కింద ఉన్న అసెంబ్లీ స్థానాల్లో కూడా పోలింగ్. అంటే ఒడిశాలో తెలుగు వినిపించే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం అన్నీ ఆ రోజే ఓటేశాయి. 2019లోనూ ఇంతే. ఏప్రిల్ 11న రెండు వైపులా ఒకేసారి జరిగింది. ఎన్నికల సంఘం కావాలని పెట్టిన పరీక్ష కాకపోయినా, సరిహద్దు తెలుగువాడికి అది పరీక్షే. ఏ పోలింగ్ బూత్ ముందు నిలబడతావు?

2019లో నేను బండెక్కాను. మా ఊళ్ళో ఓటేశాను. చిన్నప్పుడు ఈత కొట్టిన చెరువు చూసుకుని, పనసకాయ ఒకటి డిక్కీలో వేసుకుని వచ్చాను. ఆ ఏడాది వానాకాలం మా వీధి కాలువ గురించి ఎమ్మెల్యేకు అర్జీ ఇద్దామని పక్కింటి ఒడియా ఆవిడ సంతకాలు పోగు చేస్తూ మా గుమ్మంలోకి వచ్చింది. "మీరు ఇక్కడ ఓటేశారు కదా?" అని మామూలుగానే అడిగింది. నేను అర్జీ మీద సంతకం పెట్టాను కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఒక రకంగా ఆవిడకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఊరు శాశ్వతంగా వదిలేసినవాడికి సొంత ప్రాంతం మీద అభిమానం ఉండాలా, పోవాలా అని అడిగితే మనలో చాలామంది వెంటనే "ఉన్న ఊరు, కన్నతల్లి" అంటారు. ఈ సామెత మాటలు ఎప్పుడైనా నిదానంగా చూశారా? అందులో ఉన్నది పుట్టిన ఊరు కాదు. ఉన్న ఊరు. ఎక్కడ ఉంటున్నావో ఆ ఊరు. పుట్టిన ఊరి మీద బెంగతో కన్నీళ్ళు పెట్టుకునే సభల్లో వాడే సామెత, నిజానికి మనం ఉంటున్న ఊరి పక్షాన మాట్లాడుతోంది. పుట్టిన ఊరు విడవనివాళ్ళ కాలంలో పుట్టిన సామెత కాబట్టి వాళ్ళకు రెండూ ఒకటే అయి ఉంటాయి. మనకు కావు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అభిమానం అనే ఒక్క మాట కింద మనం చాలా సరుకు కట్టేస్తాం. ఓటు, భూమి, భాష, అమ్మవారు, చందా, పెళ్ళి సంబంధం, పనసకాయ. మూట విప్పకుండా "ఉండాలా, పోవాలా" అంటే తేలేది కాదు. పనసకాయ మీద అభిమానం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఓటు సంగతి అలా కాదు.

ఓటు దగ్గర చట్టం చాలా సూటిగా ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటరుగా నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో 'సాధారణ నివాసి' అయి ఉండాలి. ఇరవయ్యో సెక్షన్ ఇంకో మెట్టు కిందికి దిగి చెబుతుంది: అక్కడ ఇల్లు ఉన్నంత మాత్రాన సాధారణ నివాసి అయిపోరు. కొన్నాళ్ళు ఊళ్ళో లేనంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. సూరత్ మగ్గాల దగ్గరకు వెళ్ళి పండగకు తిరిగొచ్చే గంజాం కుర్రాడి ఓటు వాళ్ళ ఊళ్ళోనే ఉంటుంది. బరంపురంలో ఇల్లు కట్టుకుని, ఇక్కడే రేషన్ తీసుకుంటూ, ఇక్కడే పిల్లలకు పెళ్ళిళ్ళు చేసిన నాలాంటివాడి ఓటు కవిటి మండలంలో ఉండకూడదు. రెండు చోట్ల పేరు ఉండటం అసలే కుదరదు.

ఇందులో ఒక వింత కూడా ఉంది. 2010లో ఈ చట్టాన్ని సవరించి, విదేశాల్లో స్థిరపడినా అక్కడి పౌరసత్వం తీసుకోనివాళ్ళు తమ పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద ఓటు పెట్టుకోవచ్చన్నారు. కాకపోతే పోలింగ్ రోజు స్వయంగా రావాలి. అమెరికాలో పదేళ్ళ నుంచి ఉన్న మా ఊరి అబ్బాయికి మా ఊళ్ళో ఓటు ఉంటుంది. ఇచ్ఛాపురం దాటి పాతిక కిలోమీటర్ల దూరంలో, వారానికోసారి ఊరికి వెళ్ళి రాగల నాకు ఉండదు. ఆ అబ్బాయికి అమెరికాలో ఓటు లేదు కాబట్టి ఊళ్ళో ఇచ్చారు, నాకు బరంపురంలో ఉంది కాబట్టి ఊళ్ళో తీసేశారు అని సర్దిచెప్పుకోవచ్చు. మనసుకు మాత్రం ఒక పట్టాన ఎక్కదు.

చట్టాన్ని పక్కన పెట్టినా నా అభిప్రాయం చట్టంతోనే ఉంది. ఓటంటే ఐదేళ్ళపాటు ఇంకొకరి రోడ్డు, ఆసుపత్రి, బడి సంగతి తేల్చడం. మా ఊళ్ళో ఎవరు గెలిచినా నాకేమీ కాదు. నేను ఇలా వచ్చేస్తాను. పర్యవసానం అన్నయ్యది.

ఇంతవరకూ లెక్క తేలిగ్గానే ఉంది. కానీ మా సరిహద్దు జిల్లాల్లో ఇంకో రకం వలస ఉంది. మనిషి ఎక్కడికీ కదలడు. ఊరే లేచి వెళ్ళిపోతుంది.

1936 మార్చి 31 రాత్రి దాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. దేశంలో భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం అదే. పర్లాకిమిడి ఎస్టేటును ఏ వైపు కలపాలన్న తగవు అంతకు ముందు కొన్నేళ్ళపాటు నడిచింది. ఒడిశా కోసం పట్టుబట్టినవారు పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి. తర్వాత ఒడిశాకు ప్రధానమంత్రి (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయ్యారు, ఇప్పటి గజపతి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. తెలుగువారి తరఫున నిలబడ్డవారిలో ముఖ్యులు గిడుగు రామమూర్తి పంతులు. చివరకు ఎస్టేటు రెండు ముక్కలైంది. కోట, పట్టణం, చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు ఒడిశాకు వచ్చాయి. పాతపట్నం వైపు మద్రాసులో ఉండిపోయింది.

మా అమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి. గిడుగువారి కథ ఆ ఊళ్ళో ప్రతి తెలుగింటిలో వినిపిస్తుంది. ఒడిశా రాష్ట్రం ప్రారంభమయ్యే రోజు పొద్దున్నే ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. 1880లో బడిపంతులుగా వచ్చి యాభై ఏళ్ళ పైన బతికిన ఊరు అది. వాడుక భాష కోసం పోరాటం చేసింది ఆ ఊళ్ళో ఉండే. కొండల్లోని సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, వ్యాకరణం రాసింది ఆ ఊళ్ళో ఉండే. నాలుగేళ్ళ తర్వాత 1940 జనవరిలో ఆయన పోయారు. మళ్ళీ పర్లాకిమిడిలో కాపురం పెట్టలేదు.

ఈ కథ చెప్పేటప్పుడు గొంతు పెంచి, అభిమానమంటే అదీ అంటారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, మాకూ గౌరవమే. కానీ నాకు ఈ కథలో ఎప్పుడూ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆయన దేనికి విధేయుడుగా ఉన్నట్టు? భాషకా, ఊరికా? ఊరికైతే వదలకూడదు. ఊరు ఏమీ మారలేదు కదా! మహేంద్రతనయ అక్కడే పారుతోంది. సవరలు అవే కొండల మీద ఉన్నారు. తెలుగు మాట్లాడే వీధులు మర్నాడు కూడా తెలుగే మాట్లాడాయి. మారింది పైన ఉన్న ప్రభుత్వం పేరు. ఆయన వెళ్ళిపోయాక ఆ వీధుల తరఫున మాట్లాడే పెద్ద గొంతు ఒకటి తగ్గింది. పంతులుగారిని తప్పుపట్టడానికి నేనెవరిని? అయినా ఆ పొద్దుటి ప్రయాణం సరైనదని మాత్రం నాకు అనిపించదు. ఉండిపోయినవాళ్ళలో మా అమ్మ తాత తండ్రులు ఉన్నారు, అందుకే ఇలా అనిపిస్తోందేమో కూడా.

బరంపురంలో దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. వి.వి.గిరి 1894లో ఈ ఊళ్ళోనే పుట్టారు. 1936లో ఊరు ఒడిశాలోకి వచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన నిలబడింది ఇక్కడ కాదు, మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయిన బొబ్బిలిలో. బొబ్బిలి రాజానే ఓడించారు. 1952లో లోక్‌సభకు గెలిచింది పాతపట్నం నుంచి. పుట్టిన ఊరు ఒక రాష్ట్రం, రాజకీయం ఇంకో రాష్ట్రం. రాష్ట్రపతి అయ్యాక రెండు రాష్ట్రాలూ మావాడే అన్నాయి. పెద్దవాడైతే ఇద్దరూ పంచుకుంటారు, మామూలువాడైతే ఇద్దరూ తోసేస్తారని మా నాన్న అనేవారు.

గోదావరి వైపు తెలుగువాళ్ళ కథ 1956 నవంబరు 1తో మొదలవుతుంది. అప్పటిదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. నాందేడ్ జిల్లాలో ఉన్న ముథోల్ తాలూకాలో ఎక్కువ భాగం ఇటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. అక్షరాభ్యాసానికి మనం పిల్లల్ని తీసుకెళ్ళే బాసర ఆ తాలూకాలోదే. తెలుగువాడి మనసులో అంతగా స్థిరపడిన బాసర కూడా అంతకు ముందు రోజు దాకా నాందేడ్ జిల్లా ఊరే.

అటువైపు చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకా కొండల్లో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అంటున్న పద్నాలుగు ఊళ్ళున్నాయి. ఇద్దరు సర్పంచులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. చంద్రపూర్‌లో 2024 ఏప్రిల్ 19న పోలింగ్ జరిగితే, ఆదిలాబాద్‌లో మే 13న జరిగింది. తేదీలు వేరు కాబట్టి మాకున్న పరీక్ష వాళ్ళకు లేదు. మా వైపు కొటియా ఊళ్ళలో కొంధు గిరిజనులకూ ఇలాగే రెండేసి కార్డుల తంతు. ఆంధ్రా, ఒడిశాల మధ్య ఆ తగవు 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. పట్నంలో కూర్చున్నవాళ్ళు వాళ్ళను చూసి "రెండు చేతులా తింటున్నారు" అంటారు. రెండు ప్రభుత్వాలు తగవు తేల్చకుండా ఇన్నేళ్ళు వదిలేస్తే, మధ్యలో ఉన్నవాడు రెండు గొడుగులు పట్టుకోవడంలో తప్పేముంది?

2018లో తెలంగాణ రైతుబంధు కింద ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాక, నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వైపు ఊళ్ళు మమ్మల్ని తెలంగాణలో కలపండి అన్నాయి. దాన్ని డబ్బు మీద ఆశ అని కొందరు, తెలుగు మీద ప్రేమ అని కొందరు అన్నారు. రెండోది నేను నమ్మను. మొదటిదాన్ని తప్పనుకోను. రైతు తన ప్రభుత్వాన్ని పక్కింటి ప్రభుత్వంతో పోల్చి చూడటం అభిమానం లేకపోవడం కాదు.

భాష వేరు, ప్రాంతం వేరు అని నాకు బాగా అర్థమైంది సిరోంచా సంగతి విన్నాకే. గడ్చిరోలి జిల్లాలో గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఉన్న సిరోంచాలో సంతలో తెలుగే వినిపిస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. 2019లో మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బ్యారేజి ప్రారంభమైనప్పుడు తెలుగువాళ్ళ గొప్ప కట్టడమని ఎక్కడెక్కడి మనవాళ్ళూ పోస్టులు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. ఆ బ్యారేజి వెనక్కి తన్నిన నీళ్ళకు పొలాలు మునిగాయని ధర్నాలు చేసిన సిరోంచా రైతుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు పరిహారం అడగాల్సింది మహారాష్ట్ర ప్రభుత్వాన్ని, మరాఠీలో. 2023 అక్టోబరులో బ్యారేజి స్తంభాలు కుంగినప్పుడు హైదరాబాదులో అది రాజకీయం. సిరోంచాలో మాత్రం వచ్చే వానాకాలానికి నీళ్ళు ఎటు వస్తాయన్న టెన్షన్. నా భాషవాడి పొలం నా భాష రాష్ట్రం నీళ్ళలో మునిగితే, బరంపురంలో కూర్చుని నేను ఎవరి పక్షాన ఉండాలి? పోస్టు తీసేశాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

మనం ప్రాంతం మీద అభిమానం గురించి ఇంత తర్జనభర్జన పడుతుంటాం. ప్రాంతం మన గురించి ఏమనుకుంటోంది? దీని జవాబు పిల్లల చదువు దగ్గర దొరుకుతుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రాలో కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికుడంటే స్థూలంగా, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవాడు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట మాట్లాడకుండా పెంచినా, బరంపురంలో పన్నెండో తరగతి చదివిన మా అమ్మాయి ఆంధ్రాలో స్థానికురాలు కాదు. పక్కనే ఇచ్ఛాపురంలో ఒడియా మీడియంలో చదువుకున్న ఒడియా పిల్ల స్థానికురాలు. మొదట నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే అదే న్యాయం. ఆ పిల్ల తల్లిదండ్రులు అక్కడ పన్ను కడుతున్నారు, అక్కడి తుఫానుకు తడుస్తున్నారు. మేం ఏటికోసారి పండక్కి వెళ్తున్నాం.

కులం సర్టిఫికెట్ దగ్గర మాత్రం ఈ న్యాయం కఠినంగా మారుతుంది. తెనాలిలో పుట్టి, తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళిన ఒక విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. ఆంధ్రాలో షెడ్యూల్డు తెగగా ఉన్న కుటుంబం మహారాష్ట్రలో స్థిరపడితే అక్కడ ఆ రిజర్వేషన్ అడగడానికి లేదంది. రాజ్యాంగం 341, 342 అధికరణాల్లో ఈ జాబితాలు 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అని ఉన్నాయి కాబట్టి. ఊరు మారితే వివక్ష పోదు కానీ దానికిచ్చిన రక్షణ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. పొలం, చదువు ఉన్నవాడు తీరిగ్గా "నేను ఇంకా మా ప్రాంతంవాడినే" అని మురిసిపోతాడు. ఈ కుటుంబాలకు ఏ ప్రాంతంవాడన్నది కాలేజీ సీటు లెక్క. అభిమానం మీద మా సభల్లో ఇన్ని ఉపన్యాసాలు విన్నాను. ఈ విషయం ఎత్తినవాళ్ళను ఒక్కరిని చూడలేదు.

భాష సంగతి కొస్తే, దాన్ని ప్రాంతం ఖాతాలోంచి తీసి విడిగా రాసుకోవడం మంచిదనిపిస్తుంది. నేను తెలుగు మాట్లాడేది ఆంధ్రప్రదేశ్ మీద విధేయతతో కాదు. మా ఇంటి భాష, మా వీధి భాష, పాత బరంపురం బజారు భాష కాబట్టి. ఇది ఒడిశాలో ఒక భాష. ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాల్సింది రాష్ట్రమేనని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. తెలుగు పంతులు కావాలంటే భువనేశ్వర్‌ను అడగాలి. అమరావతికి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగి రావడం తేలిక, కానీ అక్కడి ప్రభుత్వానికి ఇక్కడి బడి మీద అధికారం లేదు. ఇక్కడివాళ్ళుగా మనల్ని మనం ఒప్పుకోకపోతే ఇక్కడ అడిగే నోరు మనకు ఉండదు. పైగా మా తెలుగు అచ్చంగా శ్రీకాకుళం తెలుగు కూడా కాదు. మా మనవడు పఖాళ అంటాడు, చద్దన్నం అనడు. అన్నయ్యకు అది వింటే నవ్వు.

ఇన్నాళ్ళూ ఈ చర్చను మగవాళ్ళే నడిపారని నాకు ఈ మధ్యే తట్టింది. ఊరు శాశ్వతంగా వదలడం మగవాడికి ఏదో పెద్ద ఘటన. మన ఆడవాళ్ళకు పెళ్ళితో పాటు వచ్చే మామూలు సంగతి. మా అమ్మ పర్లాకిమిడి నుంచి వచ్చింది, మా ఆవిడ సోంపేట నుంచి. వాళ్ళను ఎవరైనా "నీ అభిమానం పుట్టింటి మీదా, మెట్టినింటి మీదా" అని అడిగి సభ పెట్టారా? మెట్టినింటి పనులన్నీ చెయ్యాలి, పుట్టింటిని తలుచుకోవచ్చు, కబురొస్తే వెళ్ళాలి, అక్కడ పెత్తనం మాత్రం చెయ్యకూడదు. ఇదీ వాళ్ళకు మనం పెట్టిన నియమం. అదే నియమం ఊరు వదిలిన మగవాడికి పెడితే రోషం వస్తుంది.

బరంపురం పెద్దమ్మవారు బుధి ఠాకురాణి కూడా పుట్టింటికి వచ్చే కూతురే. రెండేళ్ళకోసారి జాతరలో ఆవిడ గుడి వదిలి దేశీ బెహరా ఇంటి వీధికి వస్తుంది. దేశీ బెహరా ఆవిడకు తండ్రి వరస. ఈ జాతర చేసేది దేరా నేతవాళ్ళు. వాళ్ళ పెద్దల్ని ఎన్నో తరాల కిందట రాజులు తెలుగుదేశం నుంచి తెచ్చి ఇక్కడ పెట్టారని చెప్పుకుంటారు. బరంపురం పట్టుకు పేరు తెచ్చింది వాళ్ళ మగ్గాలే. తెలుగుదేశం వదిలి వచ్చినవాళ్ళు ఈ ఊరి అమ్మవారికి పుట్టింటివాళ్ళయ్యారు. జాతర రోజుల్లో ఊరంతా, ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ, వేషాలు కట్టి వీధుల్లోనే ఉంటారు. కొన్నాళ్ళయ్యాక అమ్మవారు తిరిగి గుడికి వెళ్ళిపోతుంది. పుట్టింట్లో ఉండిపోదు.

ఇక తోట సంగతి. నన్ను మార్చింది చట్టాలూ తీర్పులూ కాదు, ఇదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఊరున్న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకు వాలిపోయాయి. మా తాత పెట్టిన తోటలో సగం పైన చెట్లు పోయాయి. తోటలో మా నాన్న వాటా మాకు, పెదనాన్న వాటా అన్నయ్యకు. కాగితాల మీద పంపకం లేదు, సాగు అంతా అన్నయ్యదే. కొత్త మొక్క పెడితే కాపుకు రావడానికి ఐదారేళ్ళు. అన్నయ్య రెండేళ్ళు చూసి, ఇక తోట అమ్మేద్దామన్నాడు. విశాఖపట్నంలో ఒక తమ్ముడు, హైదరాబాదులో ఒక చెల్లి, బరంపురంలో నేను. ముగ్గురం ఒక్క గొంతుతో వద్దన్నాం. తాత చేతి తోట, అమ్మితే ఊరితో బంధం తెగిపోతుంది, పిల్లలకు ఏం చూపిస్తాం? వాట్సాప్‌లో పాత ఫొటోలు కూడా పెట్టుకున్నాం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అన్నయ్య తోట గట్టు మీద కూర్చోబెట్టి అడిగాడు. "సెట్లు పడిపోయిన నాడు కొమ్మలు నరికింది ఎవుడు? నానే గదా. మొక్కలకు నీళ్ళు మోసింది ఎవుడు? అమ్మొద్దంటే అమ్మను. గానీ నాను ఏటి తినాల? మీ ఫొటోలు తినాలేటి?" కోపంగా అనలేదు. బీడీ వెలిగించుకుంటూ అన్నాడు. మా వదినకు అప్పటికే కిడ్నీ జబ్బు. ఉద్దానంలో అది ఏ ఇంటి తలుపైనా తడుతుంది. బరంపురం పెద్దాసుపత్రికి తిప్పడానికి నెలనెలా డబ్బు కావాలి. మాకు జ్ఞాపకంగా ఉన్న నేల ఆయనకు మందుల ఖర్చు.

ఆ గట్టు మీద నాకు తెలిసింది ఒకటే. వదిలినవాడి అభిమానానికి ఖర్చు ఉంటుంది. ఆ బిల్లు ఉండిపోయినవాడి పేరు మీద వస్తుంది. నాకు ఊరు మారకూడదు, ఎందుకంటే నేను చూడటానికి వచ్చినప్పుడు అది అలాగే కనిపించాలి. పెంకుటిల్లు పడగొట్టొద్దు, చెరువు గట్టు మీద షెడ్డు వెయ్యొద్దు, తోట అమ్మొద్దు. నేను మాత్రం బరంపురంలో రెండంతస్తుల డాబా కట్టుకున్నాను, వానొస్తే పెంకులు సర్దుకునే పని నాకు లేదు.

ఊరికి ఏమీ చెయ్యొద్దని నేను అనడం లేదు. చెయ్యాలి. కాకపోతే ఏం చెయ్యాలో ఊళ్ళో ఉన్నవాడు చెప్పాలి. మా వలసవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అమ్మవారి సంబరానికి ఊరి మొదట్లో సిమెంటు ఆర్చి కట్టిద్దామని మేమే తీర్మానించుకున్నాం. దాని మీద దాతల పేర్లు, పేరు పక్కన ఎవరు ఏ ఊళ్ళో ఉంటున్నారో కూడా. ఊళ్ళోవాళ్ళు మంచినీళ్ళ బోరుకు మోటారు అడుగుతున్నారని అన్నయ్య రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఆర్చి డిజైను మీద మాత్రం నలభై మెసేజీలు.

2019 తర్వాత ఊళ్ళో జాబితాలోంచి నా పేరు తీయించేశాను. అందుకే 2024 మే 13న బండెక్కలేదు. ఇక్కడి పోలింగ్ బూత్‌లో లైన్లో నిలబడి అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నువ్వు ఒరిస్సావోడివి అయిపోనావన్నమాట" అని నవ్వాడు. లైన్లో నా ముందు పక్కింటి ఆవిడ ఉంది. తెలుగు రాకపోయినా ఒరిస్సా అన్న మాట విని వెనక్కి తిరిగి చూసింది.

ఆ దసరా తర్వాత సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి తోటలో మా నాన్న వాటాలో నా వంతు అన్నయ్య పేరు మీద వదులుతూ సంతకం పెట్టాను. విశాఖపట్నం తమ్ముడికి ఇంకా కోపమే. హైదరాబాదు చెల్లి అడ్డు చెప్పలేదు. దస్తావేజులో శాశ్వత చిరునామా అన్న చోట గుమస్తా కలం ఆపి నా వంక చూశాడు. బరంపురం అని రాయమన్నాను. అన్నయ్య తోటలో సగం అమ్మాడు. మిగతా సగంలో పొట్టి రకం కొబ్బరి పెట్టాడు.

ఆర్చి కట్టలేదు. నా వంతు డబ్బు మోటారుకు ఇచ్చాను. సంబరానికి వెళితే అన్నయ్య బోరు దగ్గరకు తీసుకెళ్ళి చూపించాడు. నీలం రంగు మోటారు పెట్టె మీద తెల్ల పెయింటుతో మా నాన్న పేరు రాసి ఉంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పోయింది. "పెయింటరు ఇచ్ఛాపురం ఒడియా కుర్రాడు" అన్నాడు అన్నయ్య. "సదువుకున్నోడివి, నువ్వు దిద్దీ." నేను దిద్దలేదు. పెయింటు డబ్బా అప్పటికే ఎవరో పట్టుకుపోయారు.